హీరోకి ఒక్కటీ రాలేదు... పక్కవాడికి ఐదు!

పోస్టర్ మీద హీరో బొమ్మే పెద్దది. టైటిల్స్‌లో ఆయన పేరే ముందు. హాలంతా ఘొల్లుమనేలా నవ్వించిన కమెడియన్ మాత్రం పోస్టర్‌లో ఓ మూల ఇమిడిపోవాల్సిందే! ఇది మనందరికీ తెలిసిన లెక్కే. కానీ ఒకచోట ఈ లెక్క పూర్తిగా తిరగబడింది. ఎనిమిదేళ్లు నడిచిన సీరియల్లో హీరోకి నటనకుగాను ఒక్క అవార్డు కూడా రాలేదు. ఆయన పక్కన నిలబడ్డ ఓ బక్కపల్చటి నటుడు ఏకంగా ఐదు ఎగరేసుకుపోయాడు!

ఆ చోటు అమెరికా టెలివిజన్. ఆ అవార్డు ఎమ్మీ. సినిమాకి ఆస్కార్ ఎలాగో అక్కడ టీవీకి ఎమ్మీ అలాగన్నమాట. ఆ సీరియల్ 'ది యాండీ గ్రిఫిత్ షో'.

జేబులో ఒకే ఒక్క తూటా

సిట్‌కామ్ అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. అవే పాత్రలు, అదే ఇల్లో ఆఫీసో, వారం వారం ఓ కొత్త తంటా... అరగంటలో నవ్వుల్లో తేలిపోవాలి. 1960 నుంచి 1968 దాకా సి.బి.ఎస్.లో వచ్చిన ఈ సిట్‌కామ్ కథ మేబెరీ అనే కల్పిత ఊళ్లో జరుగుతుంది. యాండీ గ్రిఫిత్ ఆ ఊరి షెరీఫ్, అంటే పోలీసు పెద్ద. అతని కింద పనిచేసే డిప్యూటీ బార్నీ ఫైఫ్‌గా డాన్ నాట్స్ నటించాడు.

బార్నీకి తనంత మొనగాడు లేడని గట్టి నమ్మకం. కానీ తుపాకీ చేతికొస్తే అది ఎప్పుడు పేలుతుందో ఆయనకే తెలీదు! అందుకని షెరీఫ్ అతనికి ఒకే ఒక్క తూటా ఇస్తాడు. అదైనా తుపాకీలో కాదు, చొక్కా జేబులో పెట్టుకోవాలి! అంతటి అవమానంలోనూ ఛాతీ విరుచుకు తిరిగే బార్నీని చూస్తే నవ్వొస్తుంది. ఆ వెంటనే 'పాపం' అనిపిస్తుంది. ఈ రెండూ ఒకేసారి అనిపించేలా చెయ్యడం తేలికైన విద్య కాదు.

అసలు మొదట అనుకున్నది వేరు. నవ్వించాల్సింది గ్రిఫిత్, మిగతావాళ్లు ఆయనకి మాట అందిస్తే చాలు. కానీ రెండో ఎపిసోడ్ నాటికే గ్రిఫిత్‌కి అర్థమైపోయింది - నవ్వంతా నాట్స్ దగ్గరే ఉందని! మరో హీరో అయితే ఏం చేసేవాడో మీరే ఊహించుకోండి. గ్రిఫిత్ మాత్రం తన పాత్రని నెమ్మదస్తుడిగా మార్చుకుని, నవ్వులన్నీ నాట్స్‌కి వదిలేశాడు. ఇలా నిమ్మళంగా నిలబడి ఎదుటివాడిని నవ్వించనిచ్చే నటుణ్ణి అక్కడ 'స్ట్రెయిట్ మ్యాన్' అంటారు.

ఫలితం? 1961, 62, 63... వరసగా మూడేళ్లు నాట్స్‌కి సహాయనటుడిగా ఎమ్మీ! అయిదేళ్లతో షో ముగుస్తుందనుకుని ఆయన యూనివర్సల్ సినిమాలకి సంతకం పెట్టేశాడు. తీరా చూస్తే గ్రిఫిత్ షోని కొనసాగించాడు. 1965లో నాట్స్ వెళ్లిపోయాడు. అయినా కథ అక్కడితో ఆగలేదు. అడపాదడపా అతిథిగా వచ్చి చేసిన ఎపిసోడ్లకే 1966లోనూ, 67లోనూ మళ్లీ ఎమ్మీలు అందుకున్నాడు! మరి గ్రిఫిత్‌కో? ఆ షోలో నటనకి నామినేషన్ కూడా దక్కలేదు. నన్నడిగితే ఆ ఐదింటిలో సగం ఆయనవే అంటాను.

పైఅంతస్తు నేస్తం... కింది అంతస్తు హీరో

ఎమ్మీల్లో సహాయ నటీనటులకి వేరే అవార్డులు మొదలైంది 1954 ఫిబ్రవరిలో జరిగిన ఉత్సవంలో. విచిత్రం చూడండి, తొలిసారే రెండూ నవ్వించినవాళ్లకే వెళ్లాయి! నటుల్లో ఆర్ట్ కార్నీ, నటీమణుల్లో వివియన్ వాన్స్.

జాకీ గ్లీసన్ బస్సు డ్రైవర్ రాల్ఫ్. పైఅంతస్తులో ఉండే అతని నేస్తం, మురుగు కాలవల్లో పనిచేసే నార్టన్ పాత్ర కార్నీది. గ్లీసన్ మహా నటుడు, అందులో సందేహం లేదు. కానీ జీవితంలో ఒక్క ఎమ్మీ అందుకోలేదు! కార్నీ మాత్రం ఆ తర్వాతా ఎమ్మీలు గెలిచాడు. అంతేనా? 1974లో వచ్చిన 'హ్యారీ అండ్ టోంటో' సినిమాకి ఉత్తమ నటుడిగా ఆస్కారే కొట్టాడు. ఆ ఏడాది పోటీలో ఉన్నదెవరనుకున్నారు? 'గాడ్‌ఫాదర్ పార్ట్ టూ' అల్ పచినో, 'చైనాటౌన్' జాక్ నికల్సన్! పక్క పాత్రలు వేసేవాడు పెద్ద నటుడు కాదనే వాళ్లకి ఇంతకంటే జవాబేం కావాలి?

ఇక వివియన్ వాన్స్. 'ఐ లవ్ లూసీ'లో ఆవిడ లూసీ పక్కింటి స్నేహితురాలు ఎథెల్. ఎథెల్ మొగుడు ఫ్రెడ్‌గా వేసిన విలియం ఫ్రాలీ ఆవిడకంటే ఇరవై రెండేళ్లు పెద్ద! తెర వెనక ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆ చిరాకే తెరమీద మొగుడూ పెళ్లాల దెప్పిపొడుపుల్లో బ్రహ్మాండంగా పండిందంటే కాదనలేం. ఆవిడకి ఎమ్మీ వచ్చింది. ఫ్రాలీ ఐదుసార్లు నామినేట్ అయ్యాడు... ఐదుసార్లూ వట్టిచేతులే!

ఒకే ఇంట్లో పోటీ

అవార్డుల్లోని అసలు బాధ ఇక్కడే ఉంది. ఇద్దరు కలిస్తే పుట్టిన నవ్వుకి బహుమతి ఒక్కరికే ఇస్తారు!

'సైన్‌ఫెల్డ్' (1989-98) సంగతే తీసుకోండి. తలుపు తోసుకుని జారిపడుతున్నట్టు గదిలోకొచ్చే క్రేమర్‌గా మైకేల్ రిచర్డ్స్‌కి మూడు ఎమ్మీలు వచ్చాయి. అబద్ధం మీద అబద్ధం ఆడి అందులోనే ఇరుక్కుపోయే జార్జ్‌గా జేసన్ అలెగ్జాండర్ ఏడుసార్లు నామినేట్ అయ్యాడు. ఒక్కటీ రాలేదు! క్రేమర్ నవ్వు ఒంట్లో ఉంది, కంటికి వెంటనే ఆనుతుంది. జార్జ్ నవ్వు బుర్రలో ఉంది, మెల్లగా ఎక్కుతుంది. నా ఓటు జార్జ్‌కే.

'ఎవ్రీబడీ లవ్స్ రేమండ్' (1996-2005)లో తల్లిగా వేసిన డోరిస్ రాబర్ట్స్‌కి నాలుగు, అన్నగా వేసిన బ్రాడ్ గారెట్‌కి మూడు. వీళ్లందరి మధ్యా కుర్చీలో చేరగిలబడి ఒక్క ముక్కతో ఇల్లంతా నవ్వించిన తండ్రి పీటర్ బాయిల్? ఏడు నామినేషన్లు, ఆ పాత్రకి ఒక్క ఎమ్మీ లేదు!

2011లో అయితే సహాయనటుల ఆరు నామినేషన్లలో నాలుగు 'మోడర్న్ ఫ్యామిలీ' ఒక్కదానివే. గెలిచింది టై బరెల్. ఆ సీరియల్లో పెద్దవాళ్లందరూ హీరోలమని చెప్పుకోకుండా సహాయనటులుగానే పోటీకి దిగారు. ఇది తెలివితేటలనేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం సిట్‌కామ్ గురించిన అసలు నిజం అదేననిపిస్తుంది - అందులో ఎవరికెవరూ పక్కవాళ్లు కారు.

మన ఆంజనేయులు

ఈ మాటకి సాక్ష్యం కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. 2001లో జెమినీ టీవీలో మొదలైన గుణ్ణం గంగరాజు 'అమృతం' ఉంది కదా! హీరో అమృతం వేషంలో శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్... ఒకరి తర్వాత ఒకరు మారారు. అయినా జనం ఆదివారం రాత్రి టీవీ ముందునుంచి లేవలేదు. ఎందుకంటే ఆంజనేయులుగా గుండు హనుమంతరావు మారలేదు గనక. హీరో మారినా ఇల్లు నిలబడిందంటే, దాన్ని మోసిన స్తంభం ఎవరో వేరే చెప్పాలా?

2018లో హనుమంతరావు కన్నుమూసినప్పుడు చాలామందికి ముందు గుర్తొచ్చింది ఆ ఆంజనేయులే. అవార్డు బీరువాలో ఉంటుంది. పాత్ర జనం నోట్లో ఉంటుంది. రెండూ దక్కితే డాన్ నాట్స్ అంతటి అదృష్టవంతుడు. ఒకటే దక్కేట్టయితే... మీరు ఏది కోరుకుంటారు?