దిగడమే అసలు పని

పిల్లలూ! గోల్నాక, తార్నాక వైపు ఉండేవాళ్ళు పొద్దున్నే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణకు వెళితే వ్యాయామం చేసేవాళ్ళు కనిపిస్తారు. కొందరు ఒక కాలు చాచి ముందుకు వేసి, రెండు మోకాళ్ళూ వంచి కిందికి దిగి, మళ్ళీ లేస్తుంటారు. దీన్ని ‘ముందడుగు’ అందాం. 2016 రియో ఒలింపిక్స్‌లో రజత పతకం గెలిచిన మన పి.వి. సింధు నెట్ దగ్గర పడే షటిల్‌ను అందుకొనేది ఇలాంటి అడుగుతోనే.

లేవడమే కష్టమనిపిస్తుంది కదూ? తొడమీద చెయ్యి వేసుకొని మెల్లగా దిగి చూడండి. కండరం రాయిలా గట్టిపడుతుంది. బావిలోకి చేదను దించేటప్పుడు తాడును కొద్దికొద్దిగా వదిలే చేతుల్లాగా, అది సాగుతూనే మన బరువును ఆపుతుంది. అలవాటు లేనివాళ్ళకు మర్నాడు తొడలు పట్టేసేది ముఖ్యంగా ఈ పనివల్లే. లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం వల్ల అని చాలామంది అంటారు గాని, అది గంటా రెండు గంటల్లోనే తగ్గిపోతుంది. కండరపు పోగులకు తగిలే అతి చిన్న దెబ్బలే ఆ నొప్పికి మూలం.

కనుక ధబ్బున దిగకండి. తాడుమీద నడిచినట్టు పాదాలు ఒకే గీతలో పెడితే తూలిపోతారు; రైలు పట్టాలమీద పెట్టినట్టు ఎడంగా ఉంచండి. ముందుకాలి మడమ నేలకు ఆనాలి. ఆ మోకాలు కాలివేళ్ళ వైపే వంగాలి, లోపలికి వాలకూడదు. వేళ్ళను కాస్త దాటితేనే ప్రమాదమన్న భయం అక్కర్లేదు. మెట్లు దిగేటప్పుడు రోజూ దాటుతూనే ఉంటుంది! వెనుక మోకాలు నేలకు బెత్తెడు ఎత్తున ఆపి, ముందు మడమతో నేలను నెట్టి లేవండి. మోకాలు నొప్పి పెడితే మాత్రం అక్కడితో ఆపెయ్యండి.