కంటికీ మెదడుకీ మధ్య

చూసేది కన్నేనా? మా హాస్టల్లో ఈ ప్రశ్న అడిగితే నవ్వుతారు. కాని కన్ను వెలుతురును పట్టి ఇస్తుంది, అంతే. చూసేది మెదడు, అదీ తల వెనకభాగంలో, పడుకుంటే దిండుకు ఆనే చోట. ముందున్న కంటినుంచి అక్కడికి కబురు మోసుకుపోయే దారిలో మొదటి మజిలీ దృష్టినాడి.

మాది ఓబులదేవరచెరువు. ఊరిపేరులోనే చెరువుంది కనుక ఆ భాషలోనే చెప్తాను. చెరువు నిండితే చాలదు, తూము సరిగా ఉండాలి. తూము కూలితే నిండుచెరువు కింద కూడా మడి ఎండుతుంది. కన్ను చెరువైతే దృష్టినాడి తూము. (పోలిక ఇంతవరకే. నాడిలో పారేది వెలుతురు కాదు, విద్యుత్ సంకేతాలు.)

కంటి వెనకగోడకు నేత్రపటలమనే పల్చటి పొర ఉంది. అందులో వెలుతురును పట్టే కణాలు ఒక్కో కంటికి 12 కోట్ల పైచిలుకు. ఇవి పట్టినదాన్ని మధ్యలో మరికొన్ని కణాలు వడగట్టి గాంగ్లియన్ కణాలకు అందిస్తాయి. ఆ గాంగ్లియన్ కణాల పొడుగాటి పోగులే ఒకచోట చేరి, కట్టగా కంటి బయటికి వస్తాయి. అదే దృష్టినాడి. పోగులు సుమారు 10 లక్షలు మాత్రమే. అంటే కళ్ళంలో తూర్పారబట్టినట్టు, గింజ మెదడుకు పోతుంది, పొల్లు కంట్లోనే ఎగిరిపోతుంది. అందుకే కన్ను కెమెరా వంటిదంటే నేనొప్పుకోను.

పోగులు బయటపడేచోట వెలుతురు పట్టే కణాలు లేవు. దాన్ని అంధచుక్క అంటారు. నమ్మకం లేకపోతే తెల్లకాగితంమీద రెండు శెనగ్గింజలు 8 సెంటీమీటర్ల ఎడంగా పెట్టండి. ఎడమకన్ను మూసి, కుడికంటితో ఎడమ గింజనే చూస్తూ, ఒకటిన్నర అడుగు దూరంనుంచి ముఖాన్ని మెల్లగా దగ్గరికి తెండి. ఒకచోట కుడి గింజ మాయమవుతుంది. అక్కడ గుంట కనపడదు, తెల్లకాగితమే కనపడుతుంది. లేనిదాన్ని మెదడు పూడ్చేస్తుందన్నమాట.

రెండు నాడులూ మెదడు అడుగున కలుస్తాయి. ముక్కువైపు పోగులు అక్కడ అడ్డదాటి అవతలికి పోతాయి, కణతవైపువి దాటవు. ఈ సగం దాటే సంగతిని న్యూటన్ 1704లోనే ఊహించి రాశాడు. అందువల్ల మన కుడిపక్క దృశ్యం, ఏ కంటితో చూసినా, ఎడమ మెదడుకే చేరుతుంది. ఒక్క కన్నే పోతే దెబ్బ కూడలికి ముందున్నట్టు. రెండు కళ్ళలోనూ ఒకే పక్క సగం పోతే కూడలి దాటినాక ఉన్నట్టు.

మెదడు పూడ్చే తెలివి ఒక్కోసారి కొంప ముంచుతుంది. మా జేజినాయన ఎడమకన్ను అట్లాగే పోయింది. చూపు అంచులనుంచి తగ్గుతూ వచ్చినా ఆయనకు తెలియలేదు. పక్కన వచ్చే ఎద్దును తగులుకోవడం మొదలైనాక ఊర్లోవాళ్ళు, "పొర వచ్చిండాది, బాగా పండనీ పెద్దాయనా, ఆపరేషన్ చేయించుకుందువు" అన్నారు. రెండేండ్లు పండించినాడు. తీరా పట్నంలో చూపిస్తే అది పొర కాదు, నీటికాసులు.

కంటి లోపల ఊరే ద్రవం బయటికి పోయే దారి మూసుకుంటే ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా ఇది 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. (కొందరికి ఇంతే ఉన్నా నాడి చెడుతుంది.) ఆ ఒత్తిడికి, కంటిని దాటేచోట, పోగులు కొద్దికొద్దిగా చచ్చిపోతాయి. 1996–2000 మధ్య జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వేలో ఈ జబ్బున్నవాళ్ళలో అత్యధికులకు తమకు జబ్బున్నట్టే తెలియదని తేలింది.

ఆసుపత్రిలో మా జేజి "నా కన్నొకటి తీసి పెట్టండి సామీ" అనింది. డాక్టరు తల అడ్డంగా ఊపినాడు. నేత్రదానమంటే కన్నంతా తీసి పెట్టడమని మన ఊళ్ళలో చాలామంది అనుకుంటారు. చూపు కోసం మార్చేది ముందున్న కార్నియాను మాత్రమే. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్రసంస్థలో 1989లో మొదలైన రామాయమ్మ నేత్రనిధి సేకరించి ఇచ్చేది కూడా దాన్నే. బోరు కేబులు తెగితే గీకి, మెలిపెట్టి, టేపు చుడతాం. దృష్టినాడి మెదడులో భాగమే. తెగిన పోగులు మనిషిలో మళ్ళీ మొలవవు. 2023లో న్యూయార్కులో మొదటిసారిగా ఒక మనిషికి కన్ను మొత్తం అమర్చారు. నెత్తురు బాగా పారింది, కన్ను బతికింది, చూపు మాత్రం రాలేదు.

చుక్కల మందు వేస్తే ఒత్తిడి దిగుతుంది, మిగిలిన పోగులు నిలుస్తాయి. జేజినాయన కుడికన్ను దానివల్లే నిలబడి ఉంది. ఈ జబ్బు వంశంలో నడుస్తుంది కాబట్టి, శెనక్కాయ కోతలయినాక నాన్నను కూడా తీసుకుపోయి చూపించాను. ఒత్తిడి 16 ఉంది. ఏడాదికొకసారి రమ్మన్నారు.