అప్పటికప్పుడు పుట్టు గడులను గుర్తించుట ఎట్లు?

ఒక ఉన్నత పాఠశాలలో మార్కులు నమోదు చేయుటకు కంప్యూటరు తెర మీద ఒక పుటను తయారు చేయవలసి వచ్చినదనుకొనుడు. తరగతిలో 40 మంది ఉన్నచో 40 గడులు, 52 మంది ఉన్నచో 52 గడులు కావలెను. ప్రోగ్రాము వ్రాయువానికి ఈ సంఖ్య ముందుగా తెలియదు. కావున ఉపాధ్యాయుడు తరగతిని ఎన్నుకొన్న క్షణమున ప్రోగ్రామే ఆ గడులను సృష్టించును.

ఇచ్చటనే చిక్కు వచ్చుచున్నది. ముందే గీసియుంచిన గడికి ప్రోగ్రాములో ఒక పేరుండును. అప్పటికప్పుడు పుట్టిన గడికి పేరు లేదు. అట్టి గడిలో వ్రాసిన 78 మార్కులు ఏ విద్యార్థివో ప్రోగ్రామునకు ఎట్లు తెలియును?

వెబ్ పుటలకు చలనము కల్పించు జావాస్క్రిప్టు భాష 1995లో వెలువడినది. పుటలోని భాగములన్నిటిని ఒక వృక్షముగా చూపు 'డామ్' అను ఏర్పాటును వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1998లో ప్రమాణముగా ప్రకటించినది. ఈ చిక్కునకు అందులో మూడు ఉపాయములు కలవు.

ఆ వృక్షమునకు క్రొత్త కొమ్మను పుట్టించు ఆజ్ఞ పేరు 'క్రియేట్ ఎలిమెంట్'. అది గడిని సృష్టించుటయే గాక దాని ఆచూకీని ప్రోగ్రాము చేతికిచ్చును. ఆ ఆచూకీని ఒక జాబితాలో భద్రపరచుకొనుట మొదటి ఉపాయము.

పుట్టిన వెంటనే గడికి 'ఐడి' అను గుర్తును తగిలించుట రెండవది. తరువాత 'గెట్ ఎలిమెంట్ బై ఐడి' అను ఆజ్ఞతో దానిని పిలువవచ్చును. పొరపాటున రెండు గడులకు ఒకే గుర్తు నిచ్చినచో, పుటలో ముందున్నది మాత్రమే దొరకును.

మూడవది, గడి గడికి ఒక కావలివానిని పెట్టక, అన్నిటికి తల్లియైన పట్టిక వద్ద ఒక్కనినే ఉంచుట. ఏ గడిలో వ్రాసినను ఆ వార్త కొమ్మ నుండి మొదలు వైపునకు సాగుచు పట్టికను చేరును. వార్త ఎచ్చట పుట్టినదో 'టార్గెట్' అను మాట తెలుపును. ఇక ముందు పుట్టబోవు గడులకు కూడ ఈ ఒక్క కావలి చాలును.

ఇక గుర్తుగా దేనిని వాడవలెను? వరుస సంఖ్య సులభముగా తోచును. కాని 12వ విద్యార్థి బడి మారిపోగా అతని గడిని తొలగించి వరుసలను తిరిగి లెక్కించినచో, 13వ విద్యార్థి 12వ వాడగును. జాబితాలో పాత సంఖ్యలే మిగిలియున్నచో ఒకని మార్కులు మరియొకని పేర చేరును. తెర మీద ఏ దోషమును కనిపింపదు. మార్కుల పత్రము చేతికి వచ్చిన పిల్లవాడు మాత్రము కంట తడి పెట్టును. గడిని తొలగించినపుడు జాబితాలోని ఆచూకీని కూడ తుడిచివేయవలెను. లేనిచో తెర మీద లేని గడి కంప్యూటరు మెమరీలో చోటు నాక్రమించియే యుండును.

అడ్మిషను సంఖ్య ఇట్లు మారదు. విద్యార్థి ఏ బల్ల మీద కూర్చున్నను బడి రిజిస్టరులో అతని సంఖ్య ఒక్కటే. గడికి కూడ ఆ సంఖ్యనే గుర్తుగా ఇచ్చినచో, వరుస ఎన్నిమార్లు మారినను ఎవరి మార్కులు వారికే చేరును.