"నీకు రాదులే, ఇటివ్వు": పిల్లల ఆత్మవిశ్వాసంపై అపోహలు – వాస్తవాలు

ఇంటికి చుట్టాలు రాగానే మూడేళ్ల పిల్లను హాల్లోకి పిలిచి "అంకుల్‌కి రైమ్ చెప్పమ్మా" అంటాం. చెబితే చప్పట్లు. చెప్పకుండా అమ్మ వెనక దాక్కుంటే "దీనికి కాన్ఫిడెన్స్ తక్కువండీ" అని ఆ పిల్ల వినేలాగే తీర్పు. మర్నాటి నుంచి డాన్స్ క్లాసు కోసం వెతుకులాట. పదిమందిలో బెరుకు లేకుండా మాట్లాడటమే ఆత్మవిశ్వాసమని మనలో అంతగా పాతుకుపోయింది. నిజానికి ఆరేళ్లలోపు పిల్లలకు అది వంటింట్లో, పెరట్లో, చెప్పుల స్టాండు దగ్గర అబ్బుతుంది.

అపోహ: ఎంత పొగిడితే అంత ధైర్యం వస్తుంది.

వాస్తవం: దేన్ని మెచ్చుకుంటున్నామో చూసుకోవాలి. 1998లో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వవేత్తలు అమెరికాలో అయిదో తరగతి పిల్లలకు కొన్ని పజిల్స్ ఇచ్చారు. పూర్తిచేశాక కొందరితో "నువ్వు తెలివైనవాడివి" అన్నారు, ఇంకొందరితో "బాగా కష్టపడ్డావు" అన్నారు. తర్వాత కావాలనే కొరుకుడుపడని పజిల్స్ ఇచ్చి, ఆపైన మళ్లీ మొదటిలాంటివే ఇచ్చారు. తెలివికి మెప్పు పొందినవాళ్లు ఈసారి మొదటికన్నా వెనకబడ్డారు. కష్టానికి మెప్పు పొందినవాళ్లు మెరుగయ్యారు. తమకెన్ని వచ్చాయో వేరే పిల్లలకు రాసి చెప్పమంటే, ఉన్నదానికన్నా ఎక్కువ రాసుకున్నవాళ్లు కూడా 'తెలివైనవాళ్ల'లోనే ఎక్కువ. బిరుదు ఇచ్చాక దాన్ని కాపాడుకోవాలి కదా మరి! ఈ పరిశోధన పేరు చెప్పి తర్వాత బడుల్లో నడిపిన కార్యక్రమాలు అంత గొప్ప ఫలితాలేమీ ఇవ్వలేదు. మంత్రంలా "కష్టపడ్డావు, కష్టపడ్డావు" అని వల్లించినా లాభం లేదన్నమాట. చెప్పులు తనే తొడుక్కున్న పిల్లాణ్ని "సూపర్ హీరోవిరా" అనడం కన్నా, "అరె, ఏ కాలిది ఆ కాలికే వేసుకున్నావే!" అంటే చాలు. తను చేసిన పని ఎవరో నిజంగా చూశారని వాడికి తెలుస్తుంది.

అపోహ: చంటిపిల్లలకు పనులేమిటి, పెద్దయ్యాక వాళ్లే నేర్చుకుంటారు.

వాస్తవం: మనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. "నా వల్ల అవుతుంది" అనే నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుందన్న దాని మీద మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇప్పటికీ నిలిచి ఉంది. ఒకరు చెప్పగా వచ్చే నమ్మకం కన్నా, ఒకరిని చూసి తెచ్చుకున్న నమ్మకం కన్నా, స్వయంగా ఒక పని చేసి చూసుకున్నప్పుడు కలిగేదే బలమైనదని ఆయన తేల్చాడు. పిల్లలకు ఆ ఉబలాటం పుట్టుకతోనే ఉన్నట్టుంది. ఫెలిక్స్ వార్నెకెన్, మైకెల్ తొమసెల్లో అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, చేతినిండా పత్రికలున్న మనిషి బీరువా తలుపు తీయలేక అవస్థ పడుతుంటే, ఏడాదిన్నర పిల్లలు అడక్కుండానే వెళ్లి తలుపు తీశారు.

మన ఇళ్లలోనూ అంతే. రెండేళ్లకే చీపురు లాక్కుంటారు, చపాతీ పిండికోసం చెయ్యి చాస్తారు. "నీకు రాదులే, ఇటివ్వు" అని మనమే పంపేస్తాం. ఎనిమిదేళ్లు వచ్చాక "ఒక్క పని ముట్టుకోడు" అని వాపోయేదీ మనమే.

ఇలాంటి పనులనే బడిలోకి తెచ్చినవాళ్లున్నారు. విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో ప్రారంభించిన బాలల గృహంలో నీళ్లు ఒంపడం, గుండీలు పెట్టుకోవడం, బల్ల తుడవడం పాఠాల్లో భాగమే. 1939లో ఆమె మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. అంతకుముందే, 1920లో, గుజరాత్‌లోని భావనగర్‌లో గిజూభాయి బధేకా ఇదే తరహా బాలమందిరం పెట్టాడు. ఇవేవీ తెలియని మన ఊళ్లలోనూ భోగికి పిడకలు తట్టి దండ గుచ్చడం, బతుకమ్మకు తంగేడు, గునుగు ఏరుకు రావడం పిల్లల పనులే. ఇప్పుడు భోగి పిడకల దండ ఆన్‌లైన్‌లో ప్యాకెట్టుగా వస్తోంది. సౌకర్యమే, కాదనను. కాకపోతే పిల్లలకు చేతినిండా ఉన్న ఒక పని ఆ ప్యాకెట్టుతో పోయింది.

ఏ పనులు చెప్పాలంటే, మూడేళ్లకు చిన్న చెంబులో సగం నీళ్లు పోసిచ్చి గ్లాసులోకి ఒంపమనవచ్చు. కొత్తిమీర తుంచమనవచ్చు. ఉతికిన బట్టల్లోంచి సాక్సుల జతలు వెతకమంటే ఆటలా చేస్తారు. అయిదేళ్లకు అందరికీ కంచాలు పెడతారు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తారు. పల్లీలు ఒలిచే పని మాత్రం నాలుగేళ్లు నిండేదాకా వద్దు, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. పొయ్యి, కత్తి, బాల్కనీ దగ్గర పెద్దవాళ్లు ఉండాల్సిందే.

నీళ్లు ఒలుకుతాయి. ఒలికితే తిట్టకుండా ఒక గుడ్డ చేతికిస్తే, తుడవడం కూడా వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త: పిల్ల వంకరటింకరగా మడతపెట్టిన తువ్వాలును ఆమె ఎదుటే విప్పి మళ్లీ సాపుగా మడతపెట్టకండి. పైకి ఒక్క మాట అనకపోయినా "నీకు రాలేదు" అన్నట్టే. పొద్దున్నే స్కూల్ ఆటో హారన్ కొడుతుంటే ఈ ఓపిక ఎవరికీ ఉండదు, అప్పుడు మనమే బూట్లు తొడిగేస్తే తప్పేం లేదు. సాయంత్రాలున్నాయి, ఆదివారాలున్నాయి. అమ్మమ్మ గోరుముద్దల మీద కూడా నాకేం ఫిర్యాదు లేదు. ఆరేళ్లొచ్చినా మూడు పూటలా అవే అయితే మాత్రం ఆలోచించాలి.

అపోహ: చాక్లెట్ ఇస్తానంటే హుషారుగా చేస్తారు.

వాస్తవం: ఆ ఒక్కసారికి చేస్తారు. పైన చెప్పిన వార్నెకెన్, తొమసెల్లోలే 2008లో ఇరవై నెలల పిల్లలతో ఇది పరీక్షించారు. సాయం చేసిన ప్రతిసారీ బొమ్మ అందుకున్న పిల్లలు, తర్వాత బొమ్మ లేనప్పుడు తక్కువగా సాయం చేశారు. ఏమీ ఇవ్వని పిల్లల్లో ఆ ఉత్సాహం అలాగే ఉంది.

అపోహ: పక్కింటి పిల్లతో పోలిస్తే పౌరుషం వస్తుంది, నాలుగు తగిలిస్తే రాటుదేలతారు.

వాస్తవం: పోలికతో పక్కింటి పిల్లంటే కోపం వస్తుంది. దెబ్బతో భయం వస్తుంది. బడిలో అయితే పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం.

అపోహ: సిగ్గుపడే పిల్లలకు ఆత్మవిశ్వాసం లేనట్టే.

వాస్తవం: సిగ్గులో చాలావరకు స్వభావమే. హార్వర్డ్‌లో మనస్తత్వవేత్త జెరోమ్ కాగన్ ఏళ్ల తరబడి పిల్లల్ని గమనించాడు. నాలుగు నెలల వయసులోనే కొందరు కొత్త గొంతు, కొత్త వాసన ఎదురైతే కాళ్లూ చేతులూ కొట్టుకుని ఏడుస్తారు. తర్వాత కొత్త మనుషుల దగ్గర వెనకాడేది వీళ్లలో ఎక్కువ. అలాంటి పిల్ల పెళ్లింట్లో మీ ఒళ్లోంచి దిగడానికి అరగంట తీసుకుంటుంది, తీసుకోనివ్వండి. "మా పాప కాసేపయ్యాక మాట్లాడుతుంది" అని చుట్టాలకు మీరే చెబితే, రైమ్ గండం కూడా గడుస్తుంది. ఇంట్లో వసపిట్టలా వాగుతూ బడిలో మాత్రం నెలకు పైగా నోరే విప్పకపోతే అది వేరే సంగతి. కొత్తగా చేరిన మొదటి నెలను ఈ లెక్కలోకి తీసుకోరు. ఆపైన కూడా అలాగే ఉంటే "సిగ్గులే, అదే పోతుంది" అని ఊరుకోకుండా పిల్లల డాక్టరుకు గానీ, పిల్లల మనస్తత్వ నిపుణులకు గానీ చూపించాలి. మాట్లాడమని బలవంతపెడితే బెరుకు ఇంకా ముదురుతుంది కాబట్టి ఆ సంగతి టీచరుకు ముందే చెప్పి ఉంచండి.