తలకు దెబ్బ తగిలితే ఆపరేషన్ తప్పదా?

బండి మీద నుంచి పడ్డాడని ఫోన్ రాగానే ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: "తలకు తగిలిందా? ఆపరేషన్ చేయాలన్నారా?" తలకు దెబ్బంటే ఆపరేషనే అన్న నమ్మకం మనలో అంతగా పాతుకుపోయింది. ఆపరేషన్ అక్కర్లేదన్న డాక్టరును అనుమానించడం, మనిషి లేచి మాట్లాడుతున్నాడని అసలు ఆసుపత్రికే తీసుకెళ్లకపోవడం, రెండూ ఆ నమ్మకం నుంచే పుడుతున్నాయి.

అపోహ: తలకు గట్టి దెబ్బ తగిలితే పుర్రె తెరవాల్సిందే.

వాస్తవం: చాలామందికి ఆ అవసరం రాదు. కళ్లు తెరవడం, మాట్లాడటం, కాళ్లూచేతులు కదల్చడం చూసి 3 నుంచి 15 వరకు మార్కులు వేసే గ్లాస్గో కోమా స్కేలును 1974 నుంచి వాడుతున్నారు. మెదడు గాయాల్లో సుమారు 80 శాతం 13 నుంచి 15 మధ్య ఉండే స్వల్ప గాయాలే. కెనడాలో ఈ కోవకు చెందిన 3,121 మంది మీద జరిపిన అధ్యయనం 2001లో వెలువడింది. వాళ్లంతా కాసేపు స్పృహ తప్పినవారో, జరిగింది మరిచిపోయినవారో, అయోమయంలో పడినవారో. వారిలో న్యూరోసర్జరీ స్థాయి జోక్యం అవసరమైంది 44 మందికి, అంటే నూటికి ఒకరికి కాస్త ఎక్కువ.

స్కోరు 8కి లేదా అంతకంటే కిందికి పడిపోయిన తీవ్ర గాయాల్లో ఆపరేషన్లు ఎక్కువే. అక్కడ కూడా అందరికీ కాదు. కొందరిలో రక్తపు గడ్డ ఉండదు, మెదడంతటా నరాల తంతువులు దెబ్బతింటాయి. తీసేయడానికి ఏమీ లేనప్పుడు కత్తితో పనిలేదు.

అపోహ: "బాగానే మాట్లాడుతున్నాడు, ఇంకేం కాదు."

వాస్తవం: అన్నిటికంటే నన్ను భయపెట్టే మాట ఇది. కణత దగ్గర ఎముక పలచగా ఉంటుంది, దాని లోపలి వైపు ఒక ధమని పోతుంది. ఎముక చిట్లి ఆ ధమని తెగితే పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరుతుంది. మొదట్లో మనిషి మామూలుగానే ఉండొచ్చు. గంటలు గడిచేకొద్దీ గడ్డ పెరిగి మెదడును నొక్కేస్తుంది. 2009లో నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలో మంచు మీద స్కీయింగ్ చేస్తూ పడి, తొలుత బాగానే ఉన్నానని చెప్పి, ఇలాంటి రక్తస్రావంతోనే మరణించారు. ఈ గడ్డ 30 మిల్లీలీటర్లు దాటితే, రోగి స్పృహలో ఉన్నా సరే ఆపరేషన్ చేయాలన్నది వైద్య మార్గదర్శకం. సకాలంలో తీసేస్తే కోలుకునే అవకాశం చాలా ఎక్కువ.

కాబట్టి తలనొప్పి పెరుగుతున్నా, మళ్లీమళ్లీ వాంతులవుతున్నా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, ఒక చెయ్యి పట్టు తప్పినా క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

అపోహ: రక్తం బయటికి పోయింది కాబట్టి లోపల గడ్డ కట్టదు.

వాస్తవం: బయటికి వచ్చేది తల చర్మంలోని రక్తం. దానికీ లోపలి గడ్డకూ సంబంధం లేదు. చెవి నుంచి రక్తం గానీ, ముక్కు నుంచి నీళ్లలాంటి ద్రవం గానీ కారితే పుర్రె అడుగుభాగం చిట్లిందేమోనని అనుమానించాలి.

అపోహ: "అబ్జర్వేషన్‌లో పెట్టారంటే ఏమీ చేయట్లేదన్నమాట."

వాస్తవం: ఆపరేషన్ ఎవరికి కావాలో ముందుగా పట్టుకునే పని అదే. స్కోరు, కంటిపాపలు పదేపదే చూస్తారు, మార్పు కనిపిస్తే మళ్లీ సీటీ స్కాన్ తీస్తారు. రక్తపోటు, ఆక్సిజన్ పడిపోకుండా కాపాడతారు. అవి కొద్దిసేపు తగ్గినా మెదడుకు రెండో దెబ్బే. "వాపు తగ్గే ఇంజెక్షన్ ఇవ్వండి" అని స్టెరాయిడ్ కోసం ఒత్తిడి చేయకండి. 10,008 మందిపై జరిగిన అంతర్జాతీయ పరీక్షలో స్టెరాయిడ్ తీసుకున్నవారిలోనే మరణాలు ఎక్కువని 2004లో తేలింది.

అపోహ: చిన్న దెబ్బే, వారం దాటింది, ఇక భయం లేదు.

వాస్తవం: పెద్దవయసు వారికిది వర్తించదు. బాత్రూంలో జారిపడి మరిచిపోయిన తాతగారు కొన్ని వారాల తర్వాత తడబడుతూ నడవొచ్చు, మతిమరుపు రావొచ్చు. ఇంట్లోవాళ్లు వయసు ప్రభావమనుకుంటారు. మెదడు మీద నెమ్మదిగా చేరిన రక్తం దీనికి కారణం కావచ్చు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారిలో ముప్పు మరీ ఎక్కువ. చాలామందికి పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ రక్తాన్ని తీసేస్తే సరిపోతుంది. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల చీటీ వెంట తీసుకెళ్లండి, పడిన సంగతి ఎంత పాతదైనా చెప్పండి.