వాడ నల్లాలో ఫ్లోరైడ్ ఎంత?

1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ చవుదార్ చెరువు నీళ్లు తాగింది దాహం తీర్చుకోవడానికి కాదు, నీళ్ల మీద హక్కు చాటడానికి. ఆ హక్కుకు ఇవాళ ఇంకొక ప్రశ్న జోడించాలి: మన బిందెలో పడుతున్న నీళ్లలో ఏముంది?

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల్లో దీనికి జవాబు మనుషుల ఒంటి మీదే కనబడింది. గారపళ్లు, వంగని నడుము, వంకర కాళ్లు. గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కరిగి బోర్లలో పైకి వస్తుంది. దానికి రంగు, వాసన లేవు. కాచినా పోదు సరికదా, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఒకసారి వంగిన ఎముకను మందులు సరిచేయలేవు. అందుకే పరీక్ష ముందే జరగాలి.

అయితే ఏ నీళ్లను పరీక్షించారన్నది అసలు సంగతి. ఊరూ వాడా విడిగా ఉన్నచోట బోర్లూ ట్యాంకులూ కూడా విడిగా ఉండొచ్చు. పక్కపక్క బోర్లలోనే ఫ్లోరైడ్‌లో తేడా ఉంటుంది. పంచాయతీ ఆఫీసు దగ్గర సీసా నింపి "ఊరి నీళ్లు మంచియే" అంటే అది వాడకు వర్తించదు. 2016లో మొదలైన మిషన్ భగీరథ నది నీళ్లు తెచ్చింది. పైపు నీళ్లు రాని రోజు పాత బోరు నీళ్లే తాగుతుంటే ఆ నీళ్లనూ పరీక్షించాలి.

పని కష్టమైనదేం కాదు. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి. నల్లాను కాసేపు వదిలి, అవే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపండి. తేదీ, చోటు, నల్లానా బోరా అన్నది సీసా మీద రాయండి. గులాబీ రంగు మందు కలిపే కిట్ అయితే, నీళ్లు పసుపు వైపు తిరిగేకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు. కిట్ చెప్పేది అంచనానే. లెక్క ల్యాబులో తేలాలి. భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే దిక్కు లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు.

సర్కారు చేసిన పరీక్షల ఫలితాలను 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. అడిగేటప్పుడు "మా వాడ నీళ్లు ఎక్కడ పట్టారు, ఏ రోజు పట్టారు?" అని కూడా రాయండి. వాడ పేరు లేని రిపోర్టు వాడకు జవాబు కాదు.