పదమూడో అక్షరం కాడ ఆగిన ప్రేమ

ఇంగ్లీషుల అక్షరాలు 26. ఒక్కో ఎపిసోడ్‌కు ఒక్కో అక్షరం పేరు పెట్టి, ఒక జంట ప్రేమను ‘ఎ’ కాడి నుంచి ‘జెడ్’ దాకా చెప్తమని అమెరికాల ఒక టీవీ కామెడీ మొదలైంది. ఎన్‌బీసీ చానల్‌ల 2014 అక్టోబర్ 2న. పేరు గూడ ‘ఎ టు జెడ్’. పిలగాడు ఆండ్రూ, పిల్ల జెల్డా. ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు కలిపితే అదే టైటిల్. ‘ఎమ్’ కాడికి వచ్చేసరికి ఖతం. 13 ఎపిసోడ్లు, సరిగ్గా సగం అక్షరాలు.

ఈ జంట ముచ్చట ఎందుకు చెప్పాల్నంటే, ఇద్దరూ జర తిక్క మనుషులే. ఆండ్రూ (బెన్ ఫెల్డ్‌మన్) పనిచేసేది వాల్‌ఫ్లవర్ అనే డేటింగ్ కంపెనీల. మన మ్యాట్రిమోనీ సైట్ లెక్కనే, కాకపోతే పెండ్లికి కాదు, పరిచయానికి. ఎవరికి ఎవరు సరిపోతరో కంప్యూటర్ చెప్పే కొలువుల ఉండి, ఈయన మాత్రం రాసిపెట్టి ఉంటేనే మనిషి దొరుకుతదని నమ్మేరకం. రెండేండ్ల కింద ఒక కచేరీల వెండి రంగు గౌనుల మెరిసిన పిల్లను చూసిండు. ఆ పిల్ల జెల్డానే అని పట్టువడ్తడు. జెల్డా (క్రిస్టిన్ మిలియోటి) లాయర్. హిప్పీ తల్లి కాడ పెరిగింది. లెక్క, కాయితం, రుజువు లేంది దేన్నీ నమ్మది. ఒకరిది మబ్బుల నడక, ఒకరిది నేల మీద కొలత.

నాకు బాగా నచ్చింది కథ చెప్పే గొంతు. కేటీ సెగల్ అనే సీనియర్ నటి తెర మీదికి రాకుండనే మాట్లాడ్తది. ఈ ఇద్దరు ఎనిమిది నెలల మూడు వారాల ఐదు రోజుల ఒక గంట డేటింగ్ చేస్తరని ముందుగాల్నే చెప్పేస్తది. ఆ గంట తర్వాత ఏమైతది? పెండ్లా, విడిపోవుడా? అది మాత్రం చెప్పది. గడువు తెలుసు, ఫలితం తెల్వది. పరీక్ష రాసి రిజల్ట్ తారీఖు కోసం చూసినట్టే ఉంటది చూసేటోళ్లకు.

మరి ఎందుకు ఆగింది? కథ బాగలేకనా? కొంత ఉండొచ్చు. మొదటి ఎపిసోడ్ల తీపి జర ఎక్కువే. కానీ అసలు సంగతి అక్కడి టీవీ యాపారంల ఉన్నది.

అమెరికా పెద్ద చానళ్లు ఏటా కొన్ని కథలకు ఒక్కొక్క నమూనా ఎపిసోడ్ తీపిస్తయి. దాన్ని పైలట్ అంటరు. నచ్చినవాటిని మే నెలల ప్రకటనలిచ్చే కంపెనీలోళ్లకు చూపెట్టి, యాడ్‌ల జాగా ముందుగాల్నే అమ్ముకుంటయి. అప్పట్ల మామూలుగ మొదట 13 ఎపిసోడ్లకు ఆర్డర్ ఇచ్చేటోళ్లు. ఆట బాగుంటే ఇంకో 9 కలిపి 22 చేసేటోళ్లు. ‘ఎ టు జెడ్’కు ఆ 9 దక్కలె. చూసేటోళ్ల లెక్కలు నీల్సన్ అనే సంస్థ తీస్తది. మన దగ్గర బార్క్ చేసినట్టే, అప్పట్ల ఎంపిక చేసిన కొన్ని ఇండ్లల్ల మీటర్లు పెట్టి అంచనా కట్టేది. ఆ ఇండ్లల్ల గూడ 18 నుంచి 49 ఏండ్లోళ్లు ఎంతమంది చూసిన్రన్నదే అప్పట్ల ప్రకటనలోళ్లకు ముఖ్యంగ ఉండె. ఇంట్ల తాత రోజూ చూసి నవ్వినా ఆ లెక్కల పెద్దగ కలవకపోయేది.

దాని మీద పడ్డ జాగా గూడ మంచిది కాదు. గురువారం రాత్రి తొమ్మిదిన్నరకు ఏసే వాళ్లు. ముందర ‘బ్యాడ్ జడ్జ్’ అనే ఇంకో కొత్త కామెడీ, దానికే దిక్కులేదు. అదే టైంల ఏబీసీ చానల్‌ల ‘స్కాండల్’ నడుస్తున్నది. అప్పటికే జనం దానికి అతుక్కపోయిన్రు. అక్టోబర్ ఆఖరుకల్లా ఎన్‌బీసీ రెండు కామెడీలకూ ఒక్క దినమే చెయ్యి ఊపేసింది. తీసిన ఎపిసోడ్లు మాత్రం 2015 జనవరి దాకా ఏసిన్రు. సచ్చిందని తెలిసినంక గూడ వారం వారం వచ్చుడు ఎట్లుంటదో!

ఆ ఏడు ప్రేమ కామెడీలకే గాలి బాగలేకుండె. ఏబీసీల ‘మన్‌హట్టన్ లవ్ స్టోరీ’ నాలుగు ఎపిసోడ్లకే పోయింది. అదే చానల్‌ల ‘సెల్ఫీ’ నవంబర్‌ల ఆగింది. బెర్నార్డ్ షా ‘పిగ్మాలియన్’ కథను ఫోన్ల కాలానికి మార్చి తీసిన్రు, కొరియాల పుట్టిన జాన్ చో దాంట్ల హీరో. ఆసియా మూలాలున్న మనిషిని అమెరికా కామెడీల ప్రేమ హీరోగ చూపెట్టుడు అప్పట్ల చానా అరుదు. మిగిలిన ఎపిసోడ్లను ఆన్‌లైన్‌ల పెట్టినంక ఇష్టపడ్డోళ్లు మస్తుమంది.

నా అభిప్రాయం ఏందంటే, దొంగల కథకు, హత్య కథకు మొదటి వారంల పట్టు దొరుకుతది. ఎవరు చంపిన్రన్న ప్రశ్న చాలు. కానీ ఇద్దరు మనుషులు ఒకరినొకరు తెలుసుకునుడు అట్ల కాదు. వాళ్ల అలవాట్లు, మొండితనం, అలక మనకు ఎరుక కావాలె. అప్పుడే వాళ్లు నవ్వితే మనకు నవ్వొస్తది. మన దగ్గర 2001ల జెమినిల మొదలైన ‘అమృతం’ను యాది చేస్కోండ్రి. అమృతరావు, ఆంజనేయులు మనింటోళ్లు అయింది ఏండ్ల తరబడి వచ్చినందుకే. నాలుగు వారాలకే ఆపితే ఎవరికి యాదికుండు?

ఇంకో మాట. మన సీరియళ్లల్ల ప్రేమ చాలావరకు పెండ్లి అయినంకనే మొదలైతది, అత్త నడుమల వస్తది. ఎనిమిది నెలలు ఒక మనిషిని తెలుసుకునుడే కథ అంటే మన తెర ఇంకా జంకుతది. ఊర్లల్ల గూడ ఒక చాయ్, రెండు ప్రశ్నలు, ‘పిల్ల నచ్చిందా’ అనేకాడనే ముచ్చట ముగుస్తది. ‘నీకు నచ్చిండా’ అని పిల్లను అడిగే ఇండ్లు తక్కువ. జెల్డా లెక్క రుజువు అడిగే పిల్లను తిక్కదంటరు గని, బతుకంత కలిసి ఉండేటప్పుడు అడుగుడే న్యాయం.

ఊర్ల ఉండి షార్ట్ ఫిల్ములు, వెబ్ సిరీస్‌లు తీసే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఈ కథ కొత్తగ అనిపియ్యది. మొదటి రెండు దినాలల్ల వ్యూస్ రాకపోతే మూడో భాగం తియ్యాల్నా వద్దా అని తన్లాడే పరిస్థితి అందరికీ ఎరుకే. కాకపోతే మీ చేతుల ఒకటున్నది, ఎన్‌బీసీల పనిచేసిన రచయితలకు లేంది. ఆపాల్నా, నడపాల్నా అన్నది మీరే చెప్పొచ్చు.

బెన్ ఫెల్డ్‌మన్‌కు అదే చానల్‌ల ఏడాది తర్వాత ఇంకో కామెడీ దొరికింది, ‘సూపర్‌స్టోర్’. పెద్ద దుకాణంల పనిచేసేటోళ్ల కథ. దాంట్ల గూడ ఆయనది ప్రేమ పాత్రే, అమెరికా ఫెరెరా జోడి. ఈసారి ఆ ఇద్దరినీ కలపనీకి తొందర పడలే. ఆరు సీజన్లు నడిచి 2021ల ముగిసింది.